అతుకులో దాగిన ఉప్పు

(తణుకులో ఐటీఐ విద్యార్థులు, యువ మెకానిక్‌ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. వెనుక నిలబడిన తమ్ముళ్లు కూడా ముందుకు వచ్చి కూర్చోండి. ఈ బల్ల మీద పరిచిన ముక్కలు దగ్గరగా చూస్తేనే నేను చెప్పేది మనసుకు పడుతుంది.

కార్ల చక్రాలు బాగుచేసే పనిలోకి రాకముందు నేను ఇత్తడి పనిలో పెరిగాను. అజ్జరం ఇత్తడి సామాను సంగతి ఈ చుట్టుపక్కల వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మా నాన్న అక్కడ బిందెలకు, గుండిగలకు మెరుగు పెట్టేవారు. చూసేవాళ్లు బిందె ఒకే ముక్క అనుకుంటారు. పాత పద్ధతి బిందెకు పై భాగం వేరు, కింది భాగం వేరు. నడుము దగ్గర రెండింటినీ కలిపి అతుకుతారు. నాన్న దగ్గరికి బిందె రాగానే ముందు దాని నిండా నీళ్లు పోసి అరుగు మీద పెట్టేవారు. గంట తరువాత నడుము చుట్టూ వేలు తిప్పి చూసేవారు. తడి తగిలితే మెరుగు పెట్టకుండా వెనక్కి పంపేవారు. సంక్రాంతి ముందు రోజైనా సరే, గిరాకీ ఎంత ముంచుకొచ్చినా సరే. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ తడి వేలి దగ్గర నేర్చుకున్నదే.

మూడు ముక్కల అల్లాయ్ చక్రం (అల్యూమినియం మిశ్రమ లోహంతో చేసినది) అంటే ఏమిటో తెలియాలంటే మన ఎడ్లబండి చక్రాన్ని తలచుకోండి. మధ్యలో కుండ, దాని నుంచి ఆకులు, ఆకుల చివర వంపు తిరిగిన కొయ్య ముక్కలు, అన్నిటినీ బిగించి పట్టుకునే ఇనుప పట్టా. ఒక ఆకు విరిగితే వడ్రంగి ఆ ఒక్క ఆకునే మార్చేవాడు, చక్రం మొత్తాన్ని పారేసేవాడు కాదు. ఈ కారు చక్రమూ అదే జాతి. మామూలు అల్లాయ్ చక్రం ఒకే పోత. దీనిలో మధ్య డిస్కు ఒక ముక్క, బయటికి అద్దంలా కనిపించే అంచు ఒక ముక్క, లోపలి వైపు బ్రేకును కప్పే బారెల్ ఒక ముక్క. మూడూ కలిసే చోట వలయంలాగా చిన్న బోల్టులు ఉంటాయి. అంచు, బారెల్ కలిసే సందు మీద లోపలి వైపు నుంచి సిలికాన్ పూస్తారు. టైరులోని గాలిని ఆపేది ఆ పూతే.

ఈ పద్ధతి రేసు పందేల అవసరం నుంచి వచ్చింది. పందెంలో అంచు వంగితే అంచునే మార్చుకోవచ్చు. అదే డిస్కుకు వెడల్పు ఎక్కువ బారెల్ బిగించి వెడల్పు టైరు వేసుకోవచ్చు. జర్మనీలోని షిల్టాఖ్ అనే చిన్న ఊళ్లో 1970లో బామ్‌గార్ట్‌నర్, బ్రాండ్ అనే ఇద్దరు ఒక సంస్థను ప్రారంభించారు. వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలకు ఊరి పేరు మొదటి అక్షరం కలిపితే బీబీఎస్. 1983లో వాళ్లు తెచ్చిన ఆర్‌ఎస్ అనే చక్రం, వల అల్లినట్టుండే ఆకులతో, మామూలు రోడ్డు కార్ల వాళ్లకు కూడా ఈ రకం మీద మోజు కలిగించింది.

ఇక నా బల్ల మీది చక్రాల కథ. రాజోలు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల నాన్న గల్ఫ్‌లో పని చేసి తిరిగి వస్తూ నాలుగు మూడు ముక్కల చక్రాలు తెచ్చుకున్నారట. ఇంట్లో ఉన్న 1999 నాటి హోండా సిటీకి అవి వేసుకుని కొన్నేళ్లు తిరిగారు. తరువాత ఆయనకు ఒంట్లో బాగాలేక కారు మూలపడింది, చక్రాలు కొబ్బరితోటలోని పాకలోకి చేరాయి. "బాబాయ్, నాన్న మళ్లీ ఆ చక్రాల మీద కారు చూడాలంటున్నారు. మెరిసేలా చేసి ఇస్తే చాలు" అన్నాడు.

మెరిసేలా చేసి ఇవ్వడం రెండు రోజుల పని. పైన రంగు గీకి, అంచుకు బఫింగ్ కొట్టి, మధ్యలో వెండి రంగు చల్లితే ఫోటోకు అందంగా ఉంటాయి. ఎక్కువ చోట్ల జరిగేది అదే. ఆ పని నేను చేయనని అబ్బాయితో అప్పుడే చెప్పాను. ఎందుకో మీకు వివరంగా చెబుతాను. మిగతాది మరచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి.

అల్యూమినియానికి గాలి తగలగానే దాని మీద కంటికి కనిపించని సన్నని పొర ఏర్పడుతుంది. ఇనుము తుప్పులాగా అది రాలిపోదు, లోహాన్ని కాపాడుతుంది. అందుకే అల్యూమినియం తుప్పు పట్టదని జనం అనుకుంటారు. ఉప్పు ముందు మాత్రం ఆ పొర నిలవదు. ఉప్పులోని క్లోరైడు దానిని అక్కడక్కడ చీల్చి సూది గుచ్చినట్టు గుంటలు చేస్తుంది. దీనికి తోడు స్టీలు బోల్టు అల్యూమినియాన్ని తాకుతూ, రెండింటి మధ్య ఉప్పు తడి ఉంటే, అది ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియమే. బోల్టు తల పైకి నిగనిగలాడుతుంటుంది, దాని చుట్టూ ఉన్న లోహం తెల్లటి పొడి అవుతుంటుంది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి బిగిసి ఉన్న అతుకును లోపలి నుంచి విడదీస్తుంది.

మన డెల్టాలో ఆ ఉప్పుకు కరువు లేదు. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలి సరే. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు, వాటి సరుకు మోసే లారీల నుంచి రోడ్డంతా కారే నీళ్లు. ఆ నీటి మీద నుంచి వెళ్లిన ప్రతి చక్రమూ ఆ ఉప్పును కొంత అతుకుల్లోకి పీల్చుకుంటుంది. గట్టుకు ఎలుక బొరియ పడితే గండి పడేదాకా బయటికి తెలియదు. ఈ అతుకులూ అంతే. వాటిని విప్పకుండా పైన మెరుగు పెట్టడం బొరియ మీద పచ్చగడ్డి కప్పడమే.

అందుకని విప్పాను. విప్పే ముందు ప్రతి ముక్క మీద ఒకే గీటుకు గుర్తు పెట్టాను, మళ్లీ అదే చోట కూర్చోవడానికి. ఒక్కో చక్రానికి 30 బోల్టులు, మొత్తం 120. నాలుగు రోజులు పూటపూటకూ పట్టు వదిలించే నూనె చుక్కలు వేశాను. మరలకు పూసిన జిగురు వేడికి మెత్తబడుతుంది కాబట్టి వేడిగాలి తుపాకీతో ఒక్కో బోల్టును వెచ్చబెట్టి, చేతి పానాతో తిప్పాను. గాలితో తిరిగే ఇంపాక్ట్ పానాను దగ్గరికి రానివ్వలేదు. చాలా ఏళ్ల కిందట మరొకరి చక్రం మీద తొందరపడి ఆ పానా వాడాను. బోల్టు తల తెగి, కాడ లోపలే ఉండిపోయింది. దానిని తీయబోతే డ్రిల్లు పక్కకు జారి రంధ్రం పాడైంది. ఆ డిస్కు ఇక పనికిరాలేదు. డబ్బు నేనే కట్టాను, కానీ అలాంటి డిస్కు వాళ్లకు మళ్లీ దొరకలేదు. ఆ చక్రం యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

బోల్టులు వచ్చాక కూడా ముక్కలు ఊడిరావు. పాత సిలికాన్ పట్టుకుని ఉంటుంది. సన్నని బ్లేడుతో దానిని కోసి, కొయ్య సుత్తితో చుట్టూ కొద్దికొద్దిగా తట్టాలి. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించారంటే అతుకు ముఖం మీద గాటు పడుతుంది, రేపు గాలి ఆ గాటు నుంచే పోతుంది. మొదటి చక్రం విడిపోయినప్పుడు అబ్బాయి పక్కనే ఉన్నాడు. బయట కేవలం మకిలి పట్టినట్టున్న చక్రం, లోపల వలయమంతా తెల్ల చిలుము. చెంచాతో తీస్తే చెంచా నిండింది. అతను ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత మెరుపు గురించి మళ్లీ అడగలేదు.

ముక్కలు కడిగి ఆరబెట్టాక పగుళ్ల పరీక్ష. మీలో చాలామందికి ఇది ఖరీదైన పని అని భయం ఉంది. మూడు స్ప్రే డబ్బాలు చాలు. ఎర్ర రంగు ద్రవం చల్లి పావుగంట ఉంచండి. అది సన్నని పగుళ్లలోకి ఇంకుతుంది. పైది శుభ్రంగా తుడిచి తెల్లటి పొడి చల్లండి. పగులు ఉంటే లోపలి ఎరుపు తెల్లదనం మీదికి గీతలా ఊరుతుంది. నాలుగు అంచులు, నాలుగు బారెళ్లు, ఈ ఎనిమిదిలో ఏడు శుభ్రంగా వచ్చాయి. ఎనిమిదోది, ఒక లోపలి బారెల్, అంచు దగ్గర దాదాపు 3 సెంటీమీటర్ల గీత చూపించింది. ఏ గోతిలోనో పడినప్పుడు పుట్టి ఉంటుంది.

వెల్డింగ్ పెట్టేద్దామని సలహా ఇచ్చినవాళ్లు నలుగురు. నేను ఒప్పుకోలేదు. వేడి చేసి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచితే ఈ లోహాలకు బలం వస్తుంది. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ బలం పోతుంది. అతుకు గట్టిగా కనిపిస్తుంది, దాని పక్కనున్న లోహం మెత్తబడి ఉంటుంది. నూరు కిలోమీటర్ల వేగంలో ఆ మెత్తని చోటు విచ్చుకుంటే కారులో ఉన్నవాళ్లకు కన్ను మూసి తెరిచే సమయం కూడా ఉండదు. మూడు ముక్కల చక్రం గొప్పతనమే అక్కడ ఉంది కదా, ఆ ఒక్క బారెల్‌నే కొత్తది తెప్పించుకోవచ్చు. విదేశం నుంచి రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ అబ్బాయి ఓపిక పట్టాడు. అందుకు అతనికి ఈ సభలో నమస్కారం పెడుతున్నాను.

రంగు తీసే పని త్వరగా చెబుతాను. డిస్కుకు రంగు విప్పే రసాయనం, ఆ తరువాత సన్నని గాజు పూసలను గాలి ఒత్తిడితో కొట్టే బ్లాస్టింగ్. మన ఏటి ఇసుకతో కొట్టిస్తే చౌక, కానీ అల్యూమినియం ముఖం గుంటలు పడి గరుకైపోతుంది.

అంచుల విషయంలో మాత్రం ఆగాలి. కొత్తప్పుడు చాలా అంచులకు అనోడైజింగ్ చేస్తారు. అంటే కరెంటు సాయంతో ఆ సహజమైన పొరనే బాగా మందంగా పెంచుతారు. అది చాలా గట్టిది. దాని మీద గరుకు కాగితం రుద్దితే రోజంతా రుద్దినా మచ్చలు మచ్చలుగానే ఉంటుంది. ముందు కాస్టిక్ సోడా నీళ్లతో దానిని కరిగించాలి. నీళ్లలో సోడా వేయాలి తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్మి ముఖాన పడుతుంది. కళ్లద్దాలు, మోచేతుల దాకా తొడుగులు ఉండాల్సిందే. నురగతో పైకి వచ్చేది హైడ్రోజన్, దగ్గరలో బీడీ నిప్పు కూడా ఉండకూడదు. ఒక్క నిమిషం ముంచడం, తీసి కడిగి చూడడం, అవసరమైతే మళ్లీ ముంచడం. పొర పోయాక కూడా ఉంచితే సోడా లోహాన్నే తినేస్తుంది.

ఇప్పుడు నాకు ప్రాణప్రదమైన పని, మెరుగు. 320 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500, 2000 దాకా వెళ్లాను. ప్రతి నంబరుకూ రుద్దే దిక్కు మార్చాను. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయాయో లేదో అడ్డంగా రుద్దితేనే తెలుస్తుంది. ఒక మెట్టు దాటవేస్తే ఆ గీత ఆఖరున అద్దంలో వెంట్రుకలా కనిపిస్తుంది, అప్పుడు మళ్లీ మొదటికి రావాలి. తరువాత గుడ్డ చక్రం, మెరుగు సబ్బు. ఇత్తడి మీద నాన్న చేతి ఒత్తిడిని చూస్తూ పెరిగాను కాబట్టి నాకు మొదట్లో అదే ఒత్తిడి చేతికి వచ్చేది. అల్యూమినియం దానిని ఓర్చుకోదు. మెత్తని లోహం, వేడెక్కితే పైపొర సాగి మబ్బుపడుతుంది. చేతిని తేలిక చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

మన ఇళ్లలోని అలవాట్ల గురించి ఒక మాట. ఇత్తడికి చింతపండు, బూడిద చక్కగా పనిచేస్తాయి. అదే బూడిదతో అల్యూమినియం తోమితే నల్లబడుతుంది, దానిలోని క్షారం లోహాన్ని తింటుంది. ఇనుప పీచు కూడా వద్దు. దాని నలుసులు మెత్తని లోహంలో గుచ్చుకుని నెల తిరిగేసరికి ఎర్రటి తుప్పు చుక్కలు లేస్తాయి. ఇంకొకటి, రుద్దేటప్పుడు లేచే అల్యూమినియం పొడి ఊపిరికి మంచిది కాదు, గాలిలో దట్టంగా కమ్ముకుంటే నిప్పురవ్వకు భగ్గుమంటుంది కూడా. తడిగా రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, షెడ్డు తలుపులు తెరిచి పెట్టండి.

డిస్కులకు పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చి పట్టించే పూత, చేయించాను. పోతపోసిన లోహపు సన్నని రంధ్రాల్లో ఏళ్ల నాటి నూనె ఉంటుంది. ముందే ఓవెన్‌లో వేడి చేసి ఆ ఆవిరి పోనివ్వకపోతే పూత మీద బుడగలు లేస్తాయి. పౌడర్ కరిగి పట్టుకోవడానికి సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడి కావాలి. లోహం ఆ వేడికి వచ్చాక పది, ఇరవై నిమిషాలు సరిపోతుంది. గట్టిగా పట్టాలని గంటలకొద్దీ ఉంచడం, నచ్చలేదని రెండుమూడు సార్లు మళ్లీ కాల్చడం లోహం బలాన్ని తగ్గిస్తాయి. అంతకంటే ముఖ్యం, డిస్కు బారెల్‌ను తాకే ముఖం మీద, నట్లు కూర్చునే గుంటల్లో, హబ్‌ను (కారు వైపు చక్రం కూర్చునే భాగాన్ని) తాకే వెనుక ముఖం మీద పౌడర్ పడకుండా వేడికి ఆగే టేపు అంటించాలి. ఆ పూత బిగువు కింద నెమ్మదిగా అణుగుతుంది. అణిగిన కొద్దీ బోల్టు వదులవుతుంది. అందం కోసం వేసిన రంగే చక్రాన్ని ఊడదీస్తుంది.

బిగింపుకు కొత్త బోల్టులు వాడాను. పాతవి ఒకసారి సాగినవి, మళ్లీ నమ్మలేం. ఎంత బిగువు అనేది చక్రం చేసినవాళ్లు ఇచ్చిన అంకె. బిగువును అంకెల్లో చూపే టార్క్ పానా లేకుండా ఈ పనికి దిగవద్దు. మరలకు నూనె రాస్తే అదే అంకె దగ్గర బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి పొడిగానో, జిగురుతోనో, వాళ్లు ఎలా చెబితే అలాగే. ఎదురెదురు బోల్టులు మార్చుకుంటూ ముందు చేతితో, తరువాత సగం బిగువుకు, ఆఖరున పూర్తి బిగువుకు. బిగించాక చక్రాన్ని తిప్పి డయల్ గేజ్‌తో వణుకు కొలిచాను.

సిలికాన్ కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం మనం ఇంత కష్టపడి శుభ్రం చేసిన అతుకునే తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. అది గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. క్లియర్ కోటును, అంటే పైన వేసే రంగులేని పూతను, పాలలా తెల్లబరిచే మన వానాకాలపు తేమ, ఇక్కడ మాత్రం మనకు సాయం చేస్తుంది. 24 గంటలు కదపకుండా ఉంచాను.

అంచుల మీద క్లియర్ కోటు వేయలేదు. అబ్బాయి అడిగాడు కూడా. అద్దంలాంటి లోహం మీద ఆ పూతకు పట్టు తక్కువ. ఒక్క రాయి తగిలి చిన్న చిల్లు పడితే చాలు, తేమ లోపలికి వెళ్లి పూత కింద పురుగులు పాకిన దారుల్లాగా తెల్లటి గీతలు పెంచుతుంది. అప్పుడు మొత్తం గీకాలి. సముద్రానికి దగ్గరలో ఉండేవాళ్లకు నా అభిప్రాయం ఒక్కటే, లోహాన్ని ఉత్తగా ఉంచి, మంచినీళ్లతో కడిగి, రెండు మూడు వారాలకు ఒకసారి చేత్తో మైనం పూయండి. ఓపిక లేనివాళ్లు మళ్లీ అనోడైజింగ్ చేయించుకోండి. ఈ విషయంలో నాతో విభేదించే మంచి పనివాళ్లు ఉన్నారు, వాళ్ల షెడ్లు హైదరాబాదులో ఉన్నాయి.

కారుకు బిగించేటప్పుడు రెండు చిన్న సంగతులు బయటపడ్డాయి. ఆ సిటీ హబ్ 56.1 మిల్లీమీటర్లు, ఈ చక్రాల రంధ్రం 57.1. నడుమ అర మిల్లీమీటరు మందపు వలయం పెట్టకపోతే చక్రం నడిమధ్యన కూర్చోదు, స్టీరింగు వణుకుతుంది. ఇన్నేళ్లూ ఆ వలయం లేకుండానే తిరిగారు. రెండోది ఇంకా ప్రమాదం. హోండా సొంత చక్రాలకు నట్టు అడుగు గుండ్రంగా బంతిలా ఉంటుంది. ఈ చక్రాలకు కావలసింది గరాటులా ఏటవాలు నట్టు. పాత నట్లు పైకి బిగిసినట్టే ఉన్నాయి, లోపల సన్నని గీత మేర మాత్రమే ఆనుకుని ఉన్నాయి. సరైన నట్లు వేసి 108 న్యూటన్ మీటర్లకు బిగించాను.

టైర్లు ఎక్కించి, గాలి పట్టి, పంక్చర్ షాపు తొట్టిలో ఒక్కో చక్రాన్ని ముంచాము. బుడగ రాలేదు. అబ్బాయి సంతోషంతో ఫోటోలు తీశాడు. నేను ఇవ్వలేదు, రాత్రి ఉంచమన్నాను. పొద్దున గేజ్ పెడితే మూడు చక్రాలు రాత్రి పట్టిన 32 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గరే ఉన్నాయి. నాలుగోది 30. వాల్వు దగ్గర, టైరు అంచు దగ్గర సబ్బునీళ్లు రాసి చూశాను, ఏమీ లేదు. టైరు దించి, 30 బోల్టులూ తీసి మళ్లీ విప్పాను. అతుకు ముఖం మీద ఆవగింజలో సగం ఉన్న పౌడర్ నలుసు. టేపు అంచు అక్కడ లేచి ఉంది, అది నా చూపు తప్పిదమే. నలుసు తీసి, కొత్త బోల్టులతో బిగించి, మళ్లీ సిలికాన్ పూసి, మళ్లీ 24 గంటలు ఉంచాను. ఈసారి రెండు రాత్రులు గడిచినా 32 కదలలేదు.

ఆ తరువాతే పెద్దాయనను ముందు సీటులో కూర్చోబెట్టుకుని అబ్బాయి చించినాడ వంతెన మీదుగా ఇంటికి తీసుకువెళ్లాడు. నూరు కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు చూడడానికి మళ్లీ రమ్మన్నాను, వచ్చాడు.

పగిలిన బారెల్‌ను అతను నాకే వదిలేశాడు. ఇదిగో, ఇదే. పొద్దున మీ కోసం మళ్లీ ఎర్ర రంగు వేసి తెల్ల పొడి చల్లి తెచ్చాను. ముందు రంగు లేని వెనుక వైపు నుంచి వేలితో తడమండి, మీకు ఏమీ తగలదు. తరువాత తిప్పి ఎర్ర గీతను చూడండి. ఇటు మొదటి వరుస నుంచి మొదలుపెట్టి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. అది చివరి వరుసకు చేరేలోగా మీ ప్రశ్నలు అడగండి.